‘అన్నీ మేమే చూసుకుంటాం సార్’: కాలేజీ ఫెస్ట్ ప్యాకేజీ మీద రివ్యూ

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఏ ఈవెంట్ ఆఫీసు మెట్లెక్కినా, కాలేజీ వాళ్లని తెలియగానే ముందు పెట్టే కాగితం ఒకటే. స్టేజి, సౌండ్, లైటింగ్, ఎల్‌ఈడీ వాల్, జనరేటర్, షామియానా, కుర్చీలు, యాంకర్, భోజనాలు, ఫోటో, వీడియో, పర్మిషన్లు. అన్నీ కలిపి ఒకటే రేటు, ఒకటే ఫోన్ నంబరు. ఈ రివ్యూ ఆ ప్యాకేజీ మీద. పేరు రాయడం లేదు, రాసినా పెద్ద ఉపయోగం ఉండదు. ఎందుకంటే సరుకు చాలామందికి ఒకచోటి నుంచే వస్తుంది, మారేది పైన బ్యానరు. 1500 మంది కూర్చునే ఆరుబయట గ్రౌండు, రెండు రోజుల ఫెస్ట్, రెండో రాత్రి డీజే. ఈ లెక్కతో చూస్తే ప్యాకేజీలో ఏది కొనొచ్చు, ఏది విడిగా పెట్టుకోవాలి అన్నదే విషయం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. స్టేజి, సౌండ్, లైట్లు వాళ్లకే ఇవ్వండి, విడివిడిగా తెచ్చుకుంటే ఆ ముగ్గురి మధ్య పంచాయితీ తీర్చడానికే మీ సాయంత్రం సరిపోతుంది. కరెంటు మీద మాత్రం మీ మనిషి ఒకడు ఉండాలి. భోజనాలు ప్యాకేజీలో వద్దు. పర్మిషన్లు ‘మేమే తెస్తాం’ అంటే నవ్వి ఊరుకోండి.

డేటు ఖాయం చేసే ముందు అకడమిక్ క్యాలెండర్‌తో పాటు పంచాంగం కూడా తెరవండి. ఇది ఎగతాళి కాదు. ఫెస్టులు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లో పడతాయి, మాఘ ఫాల్గుణాల పెళ్లి ముహూర్తాలూ అప్పుడే. మంచి ముహూర్తం రోజున కొత్త ఎల్‌ఈడీ ప్యానెళ్లు, పెద్ద జనరేటర్లు, చేయి తిరిగిన సౌండ్ ఆపరేటర్లు కల్యాణ మండపాలకు వెళ్తారు. మీకు మిగిలేది పాత సెట్టు, నిన్న మొన్న చేరిన కుర్రాళ్లు. అదే మూఢంలోనో, ముహూర్తాలు లేని వారంలోనో పెట్టుకుంటే అదే డబ్బుకి వాళ్ల పెద్ద మేస్త్రీ స్వయంగా వస్తాడు, బేరం కూడా ఆడొచ్చు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి ఏర్పాట్లతో ఊళ్లో షామియానా గుడ్డ కూడా ఖాళీగా ఉండదు, ఆ పది రోజులూ వదిలేయడం మేలు.

ఇక కొటేషన్. ‘స్టేజి 1, సౌండ్ 1 సెట్, లైటింగ్ 1 సెట్’ అని ఉంటుంది. సెట్ అంటే ఎంత? అడగకపోతే వాళ్లకు తోచినంత. ప్రతి లైనుకీ కొలత, సంఖ్య, సామాను దిగే టైము, తిరిగి ఎక్కే టైము రాయించుకోవాలి. పన్ను సంగతి కూడా అక్కడే తేల్చుకోండి. ఈవెంట్ సేవలు, షామియానా, సౌండ్ అద్దె మీద జీఎస్టీ 18 శాతం. నాలుగు లక్షల మాట అనుకుని వెళ్తే చివర్లో 72,000 అదనంగా కనిపిస్తుంది. బయటి క్యాటరింగ్ మీద మామూలుగా 5 శాతమే, కానీ భోజనం కూడా ఇదే బిల్లులో కలిపేస్తే దాని మీదా 18 పడే ప్రమాదం ఉంది. భోజనాలు విడిగా పెట్టుకోమనడానికి ఇది మొదటి కారణం. రెండోది రుచి, దాని సంగతి తర్వాత. కాలేజీ అకౌంట్స్ వాళ్లు టీడీఎస్ (బిల్లులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని మిగతాదే చెల్లిస్తారని ఈవెంట్ ఆఫీసులో ముందే చెప్పండి. చెప్పకపోతే ఫెస్ట్ మర్నాడు ‘మా డబ్బులు తగ్గించారు’ అని పేచీ మొదలవుతుంది.

స్టేజి ఈ ప్యాకేజీలో బలమైన భాగం, పైకి చూస్తే. 40 అడుగుల వెడల్పు, 30 లోతు, 4 అడుగుల ఎత్తు అడిగితే అంతే వేస్తారు. 8 బై 4 పలకలు 38 పడతాయి, కింద ఇనుప ఫ్రేములు. అయితే ఎల్‌ఈడీ వాల్, దాని వెనక ఊతం కలిసి ఐదారు అడుగులు మింగేస్తాయి. ముందు మానిటర్ బాక్సులు (స్టేజి మీద వాళ్లకు వినిపించే స్పీకర్లు) మరో రెండు అడుగులు. పిల్లలు ఆడేది మిగిలిన 22 అడుగుల్లోనే. అందుకే ‘30 అడుగుల స్టేజి’ అని కాకుండా ‘వాల్ ముందు ఆడుకోడానికి 22 అడుగులు ఖాళీ’ అని రాయించుకోండి.

అసలు పరీక్ష కూచిపూడి. మన కృష్ణా జిల్లా నాట్యమే కాబట్టి ఏ కాలేజీ ఫెస్ట్‌లో అయినా ఒక ఐటమ్ ఉంటుంది, అందులో తరంగం ఉంటే పిల్ల ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి అడుగు వేస్తుంది. ఆ పళ్లెం రెండు పలకల అతుకు దగ్గరికి వచ్చినప్పుడు ఒక పలక ఇంకోదానికన్నా రెండు మిల్లీమీటర్లు లేచి ఉంటే చాలు, అంచు తట్టుకుని ఆగిపోతుంది, పైనున్న మనిషి ముందుకు తూలుతుంది. పైన పరిచే ఎర్ర కార్పెట్ ఇంకా మోసం. అతుకు కనపడదు, పళ్లెం కింద కార్పెట్ ముడతలు పడుతుంది. చేయాల్సింది తేలికే. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, అన్నీ ఒకే మందం. ఫ్రేముల కాళ్ల కింద జాకీలతో మట్టం. ఆ తర్వాత ఒక మనిషి చెప్పుల్లేకుండా అతుకుల మీద అరికాలు ఆనించి మొత్తం నడవాలి. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ సున్నపు గీత, అక్కడ మళ్లీ బిగింపు. శాస్త్రీయ నృత్యాలు ముందు పెట్టి, అవి అయ్యాకే కార్పెట్ పరిపించండి. కార్పెట్ వేసే కుర్రాళ్లు ‘ఒక్కసారే వేసేస్తాం సార్’ అంటారు. ఒప్పుకోవద్దు.

గ్రూప్ డ్యాన్సుల సంగతి వేరు. పాతికమంది ఒకే తాళానికి ఎగిరితే బరువు కన్నా ఊపు ప్రమాదం. నిలువు కాళ్లు ఎన్ని ఉన్నా ఏటవాలు బిగింపులు లేకపోతే స్టేజి పక్కకి ఊగుతుంది, దాంతో పాటే వెనక ఎల్‌ఈడీ వాల్ కూడా. కాబట్టి వాల్ ఊతం స్టేజి మీద కాకుండా నేల మీద నిలబడాలి. దాని అడుగున బరువులు ఉండాలి. 200 లీటర్ల డ్రమ్ము నీళ్లతో నింపితే 200 కిలోలు, నాలుగు మూలలా నాలుగు. ఏప్రిల్ సాయంత్రాల్లో గాలిదుమారం లేచాక వెతుక్కుంటే దొరికేది కాదు ఇది. జనవరి, ఫిబ్రవరిల్లో శత్రువు మంచు. రాత్రి ఎనిమిది దాటాక పలకల మీద తడి చేరుతుంది, పొగ మిషన్ ద్రవం దానికి తోడైతే నూనె రాసినట్టే. రెండు ఐటమ్‌లకోసారి పొడి గుడ్డతో తుడిచే మనిషిని పెట్టండి, సౌండ్ మిక్సర్ మీద చిన్న పందిరి వేయించండి.

కరెంటు దగ్గరే ఈ ప్యాకేజీకి మేం మార్కులు కోసేది. కొటేషన్‌లో ‘62.5 కేవీఏ సైలెంట్ జనరేటర్’ ఉంటుంది. కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.8 అనుకుంటే అది 50 కిలోవాట్లు. వాళ్లు లెక్కేసింది స్టేజి వరకే: వాల్‌కి 11, సౌండ్‌కి 10, లైట్లకు 10, మొత్తం 31. బాగానే ఉంది, సెట్టు హాయిగా నడుస్తుంది. కానీ గ్రౌండు చివర మీరు పెట్టే పన్నెండు స్టాళ్ల మాట ఆ లెక్కలో లేదు. కాఫీ మిషన్, పాప్‌కార్న్, ఇండక్షన్ పొయ్యి, ఏదైనా స్టాలుకి 2 కిలోవాట్లు సులువుగా లాగుతుంది. 24 కలిపితే 55. సాయంత్రం ఏడింటికి అందరికీ ఆకలేసినప్పుడు స్టాళ్లన్నీ ఒకేసారి వెలుగుతాయి, సరిగ్గా చీఫ్ గెస్ట్ మైకు పట్టుకున్నప్పుడు స్టేజి ఆరిపోతుంది. స్టాళ్లకు కాలేజీ లైను నుంచో, రెండో జనరేటర్ నుంచో వేరే దారి ఉండాలి. ఒకే 125 కేవీఏ తెస్తామంటే అదీ మంచిదే, కానీ బ్రేకర్లు వేరుగా ఉండాలి.

ట్రిప్ అవడం చిన్న నష్టం. పెద్దది న్యూట్రల్ ఊడటం. మూడు ఫేజుల్లో లోడు సమానంగా లేనప్పుడు తేడా కరెంటు న్యూట్రల్ తీగలోంచే వెనక్కి పోతుంది. ఆ తీగ బిగింపు వదులై ఊడితే, తక్కువ లోడున్న ఫేజులో 230 రావాల్సిన చోట 350 వోల్టుల దాకా ఎక్కేస్తుంది. ఫ్యూజు పోదు, బ్రేకర్ పడదు. క్షణంలో మిక్సర్, ల్యాప్‌టాప్ చార్జర్లు, వాల్ పవర్ సప్లైలు కాలిన వాసన వస్తుంది. ఆ నష్టం ఎవరిదన్నది ఏ కొటేషన్‌లోనూ ఉండదు, అది మీరే రాయించాలి. జాగ్రత్త ఏమిటంటే, చాలాచోట్ల తీగలు వట్టిగా మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. అది కాదు, తీగ చివర లగ్గులు (లోహపు తొడుగులు) పెట్టి బోల్టు బిగించాలి. పెద్ద లోడు ఆన్ చేసిన పది నిమిషాలకు టాంగ్ టెస్టర్‌తో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) మూడు ఫేజులూ, న్యూట్రలూ కొలవాలి. మూడు ఫేజుల్లో 40, 38, 42 ఆంపియర్లలా దగ్గర దగ్గరగా ఉంటే మంచిది. ఒకదాంట్లో 70, ఇంకోదాంట్లో 15 ఉంటే షో మొదలవకముందే మార్పించండి. జనరేటర్ బాడీకి ఎర్త్ రాడ్ దిగిందో లేదో కళ్లతో చూడండి. స్టాళ్ల బోర్డుకి 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కోసేసే బ్రేకర్) లేకుండా లైను ఇవ్వనివ్వొద్దు, అక్కడ తడి చేతులు, ఇనుప బల్లలు.

మిక్సర్‌కి, వాల్‌కి బొమ్మ పంపే ప్రాసెసర్‌కి చిన్న యూపీఎస్ పెట్టమంటే ప్యాకేజీ వాళ్లు ఆశ్చర్యంగా చూస్తారు. డిజిటల్ మిక్సర్ ఒకసారి ఆరి వెలగడానికి పట్టే నిమిషంలో యాంకర్ ఏం మాట్లాడాలో తెలియక నిలబడుతుంది, అదీ మైకు లేకుండా. డీజిల్ ఎవరిదో కూడా రాయించండి. మూడొంతుల లోడు మీద 62.5 కేవీఏ గంటకు పది, పదకొండు లీటర్లు తాగుతుంది. ట్రయల్‌తో కలిపి రోజుకి ఎనిమిది గంటలు అనుకుంటే 90 లీటర్లు సిద్ధంగా ఉండాలి.

సౌండ్ విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. లైన్ అర్రే బాక్సులు (ఒకదాని కింద ఒకటి వరసగా వేలాడే స్పీకర్లు) రెండు పక్కలా, బేస్ బాక్సులు నేల మీద, స్టేజి మీద వాళ్లకు మానిటర్లు, అన్నీ సరైన మోతాదులో తెస్తారు. గ్రౌండు లోతు 50 మీటర్లుంటే వెనక వరసలకు ఇంకో జత బాక్సులు కావాలి, వాటికి డిలే పెట్టాలి, అంటే స్టేజి సౌండ్ అక్కడికి చేరేదాకా వాటిని కాస్త ఆలస్యంగా మోగించాలి. స్టేజికి 35 మీటర్ల దూరంలో పెడితే సుమారు 100 మిల్లీసెకన్లు. పెట్టకపోతే వెనక కూర్చున్న వాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. ‘వెనక ఏం అర్థం కావట్లేదు’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు సౌండ్ చాలక కాదు, ఇందుకే. మిక్సర్ టేబుల్ ప్రేక్షకుల మధ్యలో ఉండాలి. స్టేజి పక్కన పెట్టుకుంటే ఆపరేటర్ వినేది మీరు వినేది కాదు.

మైకు కూయడం గురించి ఒక్క మాట. కార్డ్‌లెస్ మైకు పట్టుకుని స్టేజి దిగి, ప్రేక్షకుల్లోకి వస్తూ బాక్సు ముందుకెళ్తే ఏ ఆపరేటరూ ఆపలేడు. యాంకర్‌కి గీత గీసి చూపించండి. బ్యాటరీలు మధ్యాహ్నం ట్రయల్‌కి వాడినవే సాయంత్రానికి వాడతారు, ఆరింటికి కొత్తవి వేయించండి. అసలు గందరగోళం పాటల దగ్గర. గ్రూపుల వాళ్లు వాట్సాప్‌లో పంపుతారు, ఫోన్ తెచ్చి బ్లూటూత్ పెట్టమంటారు, మధ్యలో అమ్మ ఫోన్ చేస్తుంది, రింగ్‌టోన్ గ్రౌండంతా మోగుతుంది. ముందు రోజు సాయంత్రం ఐదుకి పాటలు తీసుకోవడం ఆపేసి, 01, 02 అని వరస నంబర్లు వేసి, ఇంటర్నెట్ లేని ఒక ల్యాప్‌టాప్‌లో, ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ప్రతి ఫైలు మొదలూ చివరా ఒకసారి విని చూడాలి.

ఎల్‌ఈడీ వాల్‌కి పీ 3.9 అంటారు, అంటే చుక్కకీ చుక్కకీ 3.9 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్ల దూరం నుంచి చూస్తే బాగానే ఉంటుంది. 16 బై 10 అడుగుల వాల్‌కి అర మీటరు పెట్టెలు 60. దాని కొలత 1280 బై 768 చుక్కలు, మామూలు వీడియో నిష్పత్తి కాదు. పిల్లలు మామూలు సైజులో చేసుకొచ్చిన వీడియోలు సాగి కనిపిస్తాయి, లేదా పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. ఈ కొలత వారం ముందే అడిగి డిజైన్ చేసే వాళ్లకు ఇవ్వండి. మధ్యాహ్నం మూడింటికి ప్రారంభోత్సవం ఉంటే ‘అవుట్‌డోర్’ ప్యానెల్ అని రాయించుకోవాలి. ఇండోర్ ప్యానెల్ మన ఎండలో బూడిద రంగు గోడలా ఉంటుంది.

ఫోటో, వీడియో మామూలే. డ్రోన్ తెస్తామంటే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, జనం నెత్తిమీద ఎగరనివ్వొద్దు.

భోజనాలు వద్దన్నాం కదా. ప్యాకేజీ క్యాటరర్ ఈవెంట్ వాళ్లకు జవాబుదారీ, మీకు కాదు. ఉప్పు ఎక్కువైందని మీరు చెప్తే అది ఇద్దరి చెవులు దాటి వెళ్లాలి. ఊళ్లో ఉలవచారు, గోంగూర పచ్చడి, గుత్తి వంకాయ దగ్గర జనం నాలుక మోసపోదు. విడిగా క్యాటరర్‌ని పెట్టుకుని, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు చూసి, లెక్క మీరే చెప్పండి. బిర్యానీ అయితే కిలో బియ్యానికి పదిమంది. 1200 మందికి 120 కిలోల బియ్యం. అన్ని గుండిగలూ ఒకేసారి దమ్ తీస్తే చివరి గుండిగ చల్లారి ముద్దవుతుంది, ఇరవై నిమిషాల తేడాతో పెట్టించండి. రెండు వైపులా వడ్డించే కౌంటర్ నిమిషానికి 12 మందిని పంపగలదు. నాలుగు కౌంటర్లుంటే కాగితం మీద 25 నిమిషాలు, నిజంలో 40. ప్యాకేజీ వాళ్లు రెండే పెడతారు, క్యూ గంటన్నర సాగి ఆఖరి ఐటమ్‌లకు ప్రేక్షకులుండరు. వెజ్ కౌంటర్ పక్క బల్ల మీద కాదు, గ్రౌండుకి ఇంకో మూల. పెరుగన్నం మార్చి ఎండకు సాయంత్రానికి పులుస్తుంది. అన్నంలో పాలు పోసి కొంచెం పెరుగు కలిపితేనే రాత్రికి సరిగ్గా తోడుకుని ఉంటుంది, ఇది తెలియని వంటవాడైతే వేరేవాణ్ణి చూసుకోండి. నీళ్లు మనిషికి లీటరు చొప్పున 1500 మందికి 20 లీటర్ల క్యాన్లు 75, మార్చి నెలైతే 100.

పర్మిషన్ల సంగతి. దరఖాస్తు కాలేజీ లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపాల్ సంతకంతోనే వెళ్లాలి, ఏదైనా జరిగితే పిలిచేదీ ఆయన్నే. ఈవెంట్ వాళ్లు తెచ్చేది చాలాసార్లు పోలీస్ స్టేషన్‌లో ముద్ర వేసిన అర్జీ నకలు. అర్జీ అందిందన్నదానికి అది రుజువు, అనుమతి ఇచ్చారన్నదానికి కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్ స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి కావాలి, ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోగకూడదు. ప్రైవేటు స్థలంలో పెట్టిన సౌండ్ ప్రహరీ దగ్గర ఆ ప్రాంతం పరిమితి కన్నా 5 డెసిబెల్స్ మించకూడదు. నివాస ప్రాంతానికి పగటి పరిమితి 55, అంటే గోడ దగ్గర 60. డీజే రాత్రి అది దాటకుండా ఉండటం కష్టం, అందుకే బాక్సుల ముఖం కాలనీ వైపు కాకుండా పొలాల వైపు తిరిగేలా స్టేజి దిక్కు మొదటే ఎంచుకోవాలి. స్టేజి వేశాక దిక్కు మారదు.

పాటల హక్కుల మాట కూడా వాళ్లు చెప్పరు. విద్యార్థులు, అధ్యాపకులు తమ కాలేజీ కార్యక్రమంలో పాడినా ఆడినా 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. రికార్డు పాటలైతే చూసేవాళ్లు కాలేజీ వాళ్లూ, తల్లిదండ్రులూ, ఆ సంస్థతో సంబంధం ఉన్నవాళ్లే అయ్యుండాలి. బయటివాళ్లకు టికెట్టు పెట్టి డీజే నైట్ చేస్తే ఆ గొడుగు ఉండదు, లైసెన్సు తీసుకోవాల్సిందే.

డబ్బులు మూడు విడతలుగా ఇవ్వండి. అడ్వాన్సు 40 శాతం, సామాను దిగి, స్టేజి మట్టం, కరెంటు ఫేజులు చూసుకున్నాక 40, మిగిలిన 20 విప్పేశాక. విప్పడం రాత్రి పదకొండు తర్వాత, అలసిపోయిన కుర్రాళ్లతో జరుగుతుంది, చాలా నష్టాలు అప్పుడే. కుర్చీలు దిగినప్పుడు ఎవరూ లెక్కపెట్టరు, ఎక్కేటప్పుడు ‘నలభై తక్కువున్నాయి’ అంటారు. దించేటప్పుడే దొంతరలు లెక్కపెట్టి చలాను మీద సంతకం చేయించుకుంటే ఆ మాట రాదు. షామియానా గుంజలకు తవ్విన గుంతలు, ఊడిపడిన మేకులు గ్రౌండులో వదిలేసి పోతారు. మర్నాడు తెల్లవారుజామున అక్కడే వాలీబాల్ ఆడేది చెప్పుల్లేని కాళ్లు. ఆఖరి చెక్కు రాత్రి ఇవ్వకండి. పొద్దున ఏడింటికి రమ్మని, మేస్త్రీని వెంటబెట్టుకుని గ్రౌండంతా ఒక చుట్టు తిరిగి, గుంతలు పూడ్చాక ఇవ్వండి.